ముందు గేజీ, తర్వాత డబ్బా

2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ కంపెనీ అమెరికాలో దాదాపు 6 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది. 2021 నుంచి 2024 మోడల్ దాకా వచ్చిన సిల్వరాడో, సియెరా, టాహో, సబర్బన్, యూకాన్, ఎస్కలేడ్‌లు. అన్నిట్లోనూ ఉన్నది 6.2 లీటర్ల వీ8 ఇంజనే. క్రాంక్ షాఫ్టు, కనెక్టింగ్ రాడ్ల తయారీలో లోపం ఉండి కొన్ని ఇంజన్లు దెబ్బతినడం, రోడ్డు మీదే ఆగిపోవడం మొదలైంది. పరీక్షలో తేడా కనిపించిన ఇంజన్లను బాగుచేస్తామన్నారు, అవసరమైతే మార్చేస్తామన్నారు. బాగానే ఉందని తేలిన ఇంజన్లకు ఏం చేశారన్నదే మనకు కావలసిన సంగతి. వాటికి ఆయిల్ మార్చారు. అప్పటిదాకా పోస్తున్న 0డబ్ల్యూ-20 తీసేసి 0డబ్ల్యూ-40 పోశారు. ఆయిల్ పోసే మూత కూడా మార్చారు, ఎందుకంటే పాత మూత మీద పాత గ్రేడు ఉంది. ఓనర్స్ మాన్యువల్‌లో పెట్టుకోమని కొత్త కాగితం ఇచ్చారు.

ఆ ఇంజన్లు పల్చటి ఆయిల్ వల్లే పోయాయని దీని అర్థం కాదు. లోపం తయారీలో ఉంది. అయినా చిక్కటి ఆయిల్ ఆ బేరింగులకు కొంత ఎక్కువ రక్షణ ఇస్తుందన్న లెక్క లేకపోతే ఎవరూ లక్షల బండ్ల మూతలు మార్చరు. అదే కుటుంబానికి చెందిన 6.2 లీటర్ల ఇంజను కార్వెట్‌లోనూ ఉంటుంది. కార్వెట్‌కు 2019 నుంచీ 0డబ్ల్యూ-40 పోయమనే చెబుతున్నారు. ట్రక్కు మూత మీద 20 అని అచ్చు వేస్తున్న రోజుల్లోనే, అన్నదమ్ముల్లాంటి ఇంజనుకు అదే కంపెనీ 40 రాసింది.

ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో, నేపర్‌విల్‌లోనో ఉద్యోగంలో కుదురుకున్న మన కుర్రాళ్లు, అమ్మాయిలు ఎన్నాళ్లుగానో మనసు పడ్డ బండి కొనుక్కుంటారు. మస్టాంగ్ జీటీ, ఎం3, డబ్ల్యూఆర్‌ఎక్స్, సివిక్ టైప్ ఆర్, సొంత సంపాదనతో ఒక కార్వెట్. మొదటిసారి ఆయిల్ మార్పించే రోజు వచ్చేసరికి ఫోన్ చేసి అడిగేది ఒకటే: "అన్నా, ఏ కంపెనీ ఆయిల్ పోయించమంటావు?" నేను ఎదురు అడిగేదీ ఒకటే: "నీ బండిలో ఆయిల్ వేడి ఎంతదాకా పోతోంది తమ్ముడూ?" చాలామంది ఆ గేజీ వైపు ఎప్పుడూ చూసి ఉండరు. కూలెంట్ గేజీ చూసి బాగానే ఉందంటారు. అది వేరు, ఇది వేరు. కంపెనీ పేరు కంటే, ధర కంటే, డబ్బా మీది పెద్దక్షరాల కంటే ముందు తెలియాల్సింది ఆ వేడి.

అంకె ఒక్కటే చాలదు

క్రాంక్ షాఫ్టు బేరింగు మీద ఆనుకుని తిరగదు. తిరిగే వేగంతో ఆయిల్‌ను తన కిందికి లాక్కుని, ఆ పొర మీద తేలుతుంది. పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. పంపు పని ఆయిల్‌ను అక్కడిదాకా చేర్చడం వరకే. పొరను నిలబెట్టేవి షాఫ్టు తిరిగే వేగం, ఆయిల్ చిక్కదనం. దాన్ని నొక్కేసేది పిస్టన్ మీద పడే బరువు. టర్బో ఉన్న ఇంజన్‌లో ఆ బరువు ఎక్కువ, అదీ తక్కువ వేగం దగ్గర నుంచే మొదలవుతుంది. అందుకే రోజువారీ బండికి ఎలాగోలా సరిపోయే ఆయిల్, పవర్ ఎక్కువున్న బండికి సరిపోతుందని అనుకోవడానికి లేదు.

డబ్బా మీద కనిపించే 20, 30, 40, 50 అనే అంకెలను ఎస్‌ఏఈ సంస్థ జె300 అనే ప్రమాణంలో నిర్ణయించింది. ఆ అంకె ఆయిల్ చిక్కదనాన్ని 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెబుతుంది. అక్కడ 20 గ్రేడు ఆయిల్ 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. 30 గ్రేడు 9.3 నుంచి 12.5, 40 గ్రేడు 12.5 నుంచి 16.3, 50 గ్రేడు 16.3 నుంచి 21.9. మీ ఇంజన్‌లో ఆయిల్ ఎప్పుడూ 100 డిగ్రీల దగ్గరే ఉంటే ఈ లెక్కతో పని అయిపోయేది. ఉండదు. వేడి పెరిగేకొద్దీ ఆయిల్ చాలా వేగంగా పల్చబడుతుంది.

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని గుర్తుపెట్టుకోండి. మామూలుగా దొరికే మంచి సింథటిక్ ఆయిళ్లను తీసుకుని లెక్క కడితే, 0డబ్ల్యూ-20 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర దాదాపు 9 సెంటీస్టోక్స్ ఉంటుంది. 0డబ్ల్యూ-40 ఆయిల్ 120 డిగ్రీల దగ్గర దాదాపు అంతే ఉంటుంది. 5డబ్ల్యూ-50 ఆయిల్ 135 డిగ్రీల దగ్గర మళ్లీ దాదాపు అంతే. అమెరికా గేజీల్లో చెప్పుకుంటే 212, 248, 275 డిగ్రీల ఫారన్‌హీట్. మూడు వేర్వేరు డబ్బాలు, మూడు వేర్వేరు వేడులు, బేరింగు దగ్గర మాత్రం చిక్కదనం ఒకటే.

దీన్నిబట్టి ఫోన్‌లో వాదించుకునే ఇద్దరు స్నేహితులు ఇద్దరూ ఎలా కరెక్టో తెలుస్తుంది. ప్లేనో నుంచి అర్వింగ్‌కి ఆఫీసుకి వెళ్లొచ్చే అతని ఆయిల్ 200, 210 డిగ్రీల ఫారన్‌హీట్ దాటదు. అతనికి 20 గ్రేడు చాలు. అదే మోడల్ బండిని శనివారం క్రెస్సన్‌లోని మోటార్‌స్పోర్ట్ రాంచ్ ట్రాక్‌కి తీసుకెళ్లి ఇరవై నిమిషాలు ఆపకుండా తిప్పే స్నేహితుడి గేజీ 260 చూపిస్తే, అతనికి ఆ 20 గ్రేడు చాలదు. బండి ఒకటే అయినంత మాత్రాన ఆయిల్ ఒకటే కానక్కర్లేదు.

ఇంకో కొలత ఉంది, షాపులో ఎవరూ దాని గురించి మాట్లాడరు. బేరింగులో నలిగేటప్పుడు ఆయిల్ తాత్కాలికంగా ఇంకా పల్చబడుతుంది. ఆ ఒత్తిడిని ప్రయోగశాలలో 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర సృష్టించి కొలుస్తారు. దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 20 గ్రేడుకు అది కనీసం 2.6 ఉండాలి, 30 గ్రేడుకు 2.9, 0డబ్ల్యూ-40, 5డబ్ల్యూ-40లకు 3.5. తమాషా 30 దగ్గర ఉంది. అమెరికాలో మైలేజీ కోసం తయారయ్యే 5డబ్ల్యూ-30లో ఈ కొలత 3 దగ్గర ఉంటుంది. యూరప్ బండ్ల కోసం ఏసీఈఏ సంస్థ ఏ3/బీ4 లేదా సీ3 అని గుర్తు పెట్టే 5డబ్ల్యూ-30లో కనీసం 3.5 ఉండి తీరాలి. రెండు డబ్బాల మీదా 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది. షెల్ఫులో పక్కపక్కనే ఉంటాయి. బేరింగుకు మాత్రం రెండూ ఒకటి కావు. తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రంలో ఈ అంకె చాలాసార్లు ఉంటుంది. రెండు ఆయిళ్ల మధ్య తేల్చుకోలేకపోతే దాన్ని పోల్చి చూడండి.

పుస్తకంలో అంకె ఎలా వచ్చింది

ఓనర్స్ మాన్యువల్‌ను గౌరవించాలి. గౌరవించడమంటే అందులో ప్రతి మాటా చదవడం కూడా. 1973లో అరబ్ దేశాలు ముడిచమురు ఆపేశాక అమెరికాలో 1975లో వచ్చిన చట్టంతో కార్ల కంపెనీలన్నిటికీ సగటు మైలేజీ లెక్క మొదలైంది. పల్చటి ఆయిల్‌తో ఇంజన్‌లో ఘర్షణ తగ్గుతుంది, మైలేజీ కొంచెం పెరుగుతుంది. ఒక్క బండికి ఆ తేడా చిన్నదే. ఏడాదికి లక్షల బండ్లు అమ్మే కంపెనీకి అది పెద్ద లెక్క. అమెరికా పుస్తకంలో 0డబ్ల్యూ-20 అని కనిపించినప్పుడు అందులో ఇంజను క్షేమమూ ఉంటుంది, ఈ లెక్కా ఉంటుంది. ఇందులో మోసం లేదు. రోజువారీ నడకకు ఆ ఆయిల్‌తో లక్షల మైళ్లు తిరిగిన బండ్లు ఈ దేశం నిండా ఉన్నాయి. టయోటా మాన్యువల్స్‌లో గ్రేడు చెప్పిన చోటే కింద ఇంకో వాక్యం ఉంటుంది: ఎక్కువ వేగంతోనో, ఎక్కువ బరువుతోనో నడిపేటప్పుడు అంకె ఎక్కువున్న ఆయిల్ బాగుండవచ్చని. పెద్ద అక్షరాలు చదివి పుస్తకం మూసేసేవాళ్లకు ఈ వాక్యం కనబడదు.

కంపెనీలు ఏం చెబుతాయన్నది కాకుండా ఏం చేశాయన్నది చూడండి, ఇంకా బాగా అర్థమవుతుంది. 2012లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీలోని 5 లీటర్ల వీ8కి 5డబ్ల్యూ-20 పోయమంది. అదే ఏడాది, ట్రాక్ కోసం తయారుచేసిన బాస్ 302 మస్టాంగ్‌లో అదే కుటుంబపు 5 లీటర్ల ఇంజనుకు 5డబ్ల్యూ-50 పోయమంది. షెల్బీ జీటీ350, జీటీ500లకూ 5డబ్ల్యూ-50. కార్వెట్ ఏడో తరంలో మొదట 5డబ్ల్యూ-30 చెప్పి, ట్రాక్ రోజుకు మాత్రం 15డబ్ల్యూ-50కి మార్చుకోమన్నారు. 2019లో ఆ రెండింటి గొడవ లేకుండా 0డబ్ల్యూ-40 ఒక్కటే చేశారు. బీఎండబ్ల్యూ 2008 నుంచి 2013 దాకా అమ్మిన వీ8 ఎం3కి 10డబ్ల్యూ-60 చెప్పింది. తర్వాత వచ్చిన టర్బో ఎం3లకు 30 గ్రేడుకు దిగింది. మీది ఎం3 అయినంత మాత్రాన పక్కింటి ఎం3లో పోసింది పోయకండి. ఆ అంకె బానెట్ కింద ఉన్న ఇంజన్‌ది, వెనక అంటించిన పేరుది కాదు.

అలాగని చిక్కగా ఉంటే మంచిదని 20 చెప్పిన బండిలో 60 పోసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఈ కాలపు ఇంజన్లలో వాల్వుల టైమింగును మార్చే ఏర్పాటు ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. సన్నని దారుల్లోంచి ఆయిల్ చప్పున వెళ్లాలి. మరీ చిక్కనైతే ఆ కదలిక మందగిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి ఎక్కువై పంపు తన రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కి పంపేస్తుంది. గేజీలో ఒత్తిడి బాగా కనిపిస్తుంది కానీ చేరాల్సిన చోటికి ఆయిల్ తక్కువ చేరుతుంది. నా సలహా: వేడి కొలిచి చూడకుండా గ్రేడు పెంచవద్దు. పెంచాల్సి వస్తే ఒక్క మెట్టు, మహా అయితే రెండు. కంపెనీయే వేరే దేశపు మాన్యువల్‌లోనో, అదే ఇంజన్ ఉన్న ట్రాక్ మోడల్‌కో ఆ గ్రేడు ఒప్పుకుని ఉంటే నిశ్చింత.

వేడి కొలవడం కష్టం కాదు. కార్వెట్‌లో, మస్టాంగ్‌లో, ఎం కార్లలో, టైప్ ఆర్‌లో డిజిటల్ తెర మీదే ఆయిల్ టెంపరేచర్ కనిపిస్తుంది. గేజీ లేని బండైతే, 1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకూ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టు ఉంటుంది. చిన్న అడాప్టర్ పెట్టి ఫోన్‌లో చదువుకోవచ్చు, ఇంజన్‌లో ఆ సెన్సర్ ఉంటే. ఆఫీసు దారిలో ఒకసారి, ఆగస్టు మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఒకసారి, కొండ దారిలోనో ట్రాక్ మీదో గట్టిగా నడిపినప్పుడు ఒకసారి రాసుకోండి. మొదటి రెండింటి మధ్య తేడా ఎంత తక్కువో చూసి టెక్సస్ వాళ్లు ఆశ్చర్యపోతారు. బయట ఎండ 105 డిగ్రీలున్నా, 75 ఉన్నా, మామూలు నడకలో థర్మోస్టాట్ ఇంజన్ వేడిని దాదాపు ఒక్కచోటే పట్టి ఉంచుతుంది. ఎండలకు భయపడి డాలస్‌లో, ఫీనిక్స్‌లో చిక్కటి ఆయిల్ పోయించుకునేవాళ్లు అసలు వేడెక్కించే సంగతిని వదిలేస్తున్నారు. ఆయిల్‌ను ఉడికించేది ఆక్సిలరేటర్ మీద మీ పాదం.

ట్రాక్‌కి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. గేజీ 280 దాటుతోందంటే ఆయిల్ మార్చి సరిపెట్టుకోవద్దు. ఆయిల్ కూలర్ గురించి ఆలోచించే సమయం వచ్చింది. అప్పటిదాకా కొద్ది నిమిషాలు నెమ్మదిగా తిప్పి చల్లార్చుకోండి. బయల్దేరే ముందు లెవెల్ నిండుగా ఉందో లేదో చూసుకోవడం గ్రేడు కంటే ముఖ్యం. పొడవాటి మలుపుల్లో ఆయిల్ అంతా ఒక పక్కకు ఒరిగిపోయి పంపుకు అందకపోతే ఏ గ్రేడైనా ఒకటే.

చలి దేశంలో మొదటి అంకె

డబ్ల్యూ ముందున్న అంకె చలికి. 0డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 35 డిగ్రీల సెల్సియస్ కింద పరీక్షిస్తారు, ఇంజన్ తిరగనిస్తుందా లేదా అని. 5డబ్ల్యూకి 30 కింద, 10డబ్ల్యూకి 25 కింద. మిన్నియాపొలిస్‌లో, షికాగోలో బయట పార్కింగ్‌లో పెట్టిన బండికి జనవరి తెల్లవారుజామున 0డబ్ల్యూ విలువ తెలుస్తుంది. డిసెంబరు పొద్దున గిన్నెలో పేరుకున్న నెయ్యిని ఒంపితే ఎలా కదలదో, పనికిరాని ఆయిల్ ఆ చలిలో సంప్‌లో అలాగే కూర్చుంటుంది. డాలస్‌లో 2021 ఫిబ్రవరి 16న మైనస్ 2 ఫారన్‌హీట్‌కి పడింది. సెల్సియస్‌లో మైనస్ 19. ఆ రోజు కూడా 10డబ్ల్యూ ఆయిల్‌కు దాని హద్దు ఇంకా కాస్త దూరంలోనే ఉంది. కాబట్టి దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఈ అంకె గురించి ఎక్కువ మథనపడక్కర్లేదు.

చలికాలంలో అంతకంటే ఎక్కువ హాని చేసేది చిన్న ప్రయాణం. ఇంటి నుంచి మెట్రోపార్క్ స్టేషన్‌కి పది నిమిషాలు, సాయంత్రం మళ్లీ పది నిమిషాలు. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ బాగా వేడెక్కితే అది ఆవిరై పోతుంది. పది నిమిషాల్లో అంత వేడెక్కదు. నెలల తరబడి అలా కలుస్తూ పోతే 30 గ్రేడు ఆయిల్ 20 గ్రేడుగా మారిపోతుంది, మీరు ఏ డబ్బా కొన్నా. ఆయిల్ లెవెల్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, స్టిక్కుకు పెట్రోలు వాసన వస్తుంటే అదే సంగతి. వారానికోసారి హైవే మీద అరగంట నడపండి. ఆయిల్ త్వరగా మార్చండి. ఇంకొకటి: కూలెంట్ గేజీ మధ్యకు వచ్చినా ఆయిల్ వేడెక్కడానికి ఇంకా కొన్ని నిమిషాలు పడుతుంది. ఆయిల్ 170, 180 ఫారన్‌హీట్ దాటేదాకా ఆర్‌పీఎం పైకి లాగకండి. ఇంజను ఆయుష్షుకు ఖర్చు లేని మందు ఇది.

డబ్బా వెనక వైపు

ముందు వైపు రంగులు, మెరుపులు, రేసు జెండాలు ఉంటాయి. మీకు కావలసినది వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చే గుండ్రటి గుర్తులో ఎస్‌పీ అనో ఎస్‌క్యూ అనో ఉండాలి. ఎస్‌పీ 2020 మేలో వచ్చింది, ఎస్‌క్యూ 2025 మార్చిలో. చిన్న టర్బో ఇంజన్లున్న వాళ్లకు ఈ అక్షరాలు మామూలు విషయం కాదు. తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ గేరులో ఉన్నట్టుండి పూర్తిగా తొక్కితే, స్పార్క్ పడక ముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఈ ఇంజన్లకు ఉంది. ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఒక్క దెబ్బకు పిస్టన్ పగలగలదు. ఆయిల్‌లో ఉండే కాల్షియం డిటర్జెంటు దానికి కొంత కారణమని తేలాక, కంపెనీలు దాని స్థానంలో కొంత మెగ్నీషియం వాడటం మొదలుపెట్టాయి. ఈ పరీక్ష తప్పనిసరైన శ్రేణి ఎస్‌పీ. పాత గ్యారేజీ అలవాటుతో ట్రక్కు డీజిల్ ఆయిల్‌నే డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో పోస్తే మంచిదని చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. పాత ఇంజన్లకు వాళ్ల మాట చెల్లింది. 2022 నుంచి డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో వస్తున్న 2.4 లీటర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోకు దాన్ని యథాతథంగా తీసుకోకండి. మంచి ఆయిల్ పోసినా, ఆరో గేరులో 1,500 ఆర్‌పీఎం దగ్గర నేలదాకా తొక్కడం మానండి. ఒక గేరు దించి తొక్కండి.

ఐరోపా బండ్లకు ఏపీఐ అక్షరాలు చాలవు. పోర్షకు ఏ40, ఫోక్స్‌వాగన్‌కు 502 00 లేదా 504 00 లేదా 508 00, బీఎండబ్ల్యూకు లాంగ్‌లైఫ్-01 లాంటి ఆమోదాలు ఉంటాయి. మీ పుస్తకంలో ఏది ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే వెనక వైపు కనిపించాలి. ఫోక్స్‌వాగన్ 504 00కీ, 508 00కీ అంకెల్లో తేడా చిన్నదే. ఆయిల్‌లో తేడా పెద్దది, రెండోది 0డబ్ల్యూ-20. ఆ పక్కనే వాడిన మాట కూడా చూడండి. 'ఆమోదం పొందింది' అంటే కార్ల కంపెనీ ఆ ఆయిల్‌ను పరీక్షల వివరాలు చూసి ఒప్పుకుంది. 'అనువైనది', 'అవసరాలను తీరుస్తుంది' అంటే ఆయిల్ అమ్మేవాడు తన మాట మీద చెబుతున్నాడు. రెండో రకం అబద్ధమని కాదు. వారంటీలో ఉన్న ఖరీదైన ఇంజన్‌కు మాత్రం మొదటి రకమే కొనండి.

గ్యాస్ స్టేషన్లలో, చౌక దుకాణాల్లో ఎస్‌ఏ అని రాసిన ఆయిల్ ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. 1930 తర్వాత తయారైన చాలా ఇంజన్లకు అది పనికిరాదని ఏపీఐయే చెబుతుంది. ఇంటికి వెళ్లేదాకా గడిస్తే చాలని కూడా అది పోయకండి.

ఫుల్ సింథటిక్ అన్న మాట గురించి క్లుప్తంగా. 1999లో కాస్ట్రాల్, మొబిల్ మధ్య ప్రకటనల వివాదం తేలాక, అమెరికాలో బాగా శుద్ధి చేసిన ఖనిజ నూనె నుంచి తయారైనదాన్ని కూడా సింథటిక్ అనవచ్చని స్థిరపడింది. అప్పటి నుంచీ ఆ మాట ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. ఆమోదాలు, గ్రేడు, ఆ తర్వాతే మిగతావి. కంపెనీ పేరు నా జాబితాలో చివరన ఉంటుంది. సరైన ఆమోదమున్న రెండు కంపెనీల ఆయిళ్లలో సేల్‌లో ఉన్నది తీసుకోండి. అదనంగా పోసే సీసాలు, స్టెబిలైజర్లు, మందులు వద్దు. రసాయనవేత్తలు తూకం వేసి కలిపిన మిశ్రమంలో మీరు ఇంకోటి కలపవద్దు.

1969 కమారో లాంటి పాత మజిల్ కారు ఉన్నవాళ్లది వేరే దారి. వాటి క్యామ్‌లకు జింక్, ఫాస్ఫరస్ కలిసిన రక్షక రసాయనం ఎక్కువ కావాలి. కాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా ఈ కాలపు పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేశారు. వాళ్లు అలాంటి బండ్ల కోసమే ప్రత్యేకంగా అమ్మే ఆయిల్ కొనాలి. దాన్ని కొత్త బండిలో పోయకూడదు.

కాగితాలు, రిపోర్టు

మా బ్రాండ్ ఆయిల్ పోయకపోతే వారంటీ పోతుందని సర్వీసు కౌంటరులో ఎవరైనా అంటే కంగారుపడకండి. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప లేదా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, ఫలానా బ్రాండే వాడాలని వారంటీకి షరతు పెట్టకూడదు. కానీ ఫలానా ప్రమాణం ఉండాలని అడగవచ్చు. ఆ ప్రమాణమున్న ఆయిల్ కొన్నారని చూపించాల్సింది మీరే. రసీదు, తేదీ, మైళ్లు, డబ్బా వెనక వైపు ఫోటో ఫోన్‌లో ఒక ఫోల్డరులో పెట్టుకోండి. త్వరగా ఆయిల్ మార్చే షాపుకు వెళ్తే మీ డబ్బాలు మీరే తీసుకెళ్లండి, ఎన్ని క్వార్ట్‌లు పడతాయో చెప్పండి. 2018 నుంచి వచ్చిన మస్టాంగ్ జీటీకి 10 క్వార్ట్‌లు కావాలి. ఐదు క్వార్ట్‌ల డబ్బా ఒకటి పోసి మూత బిగిస్తే సగమే పోసినట్టు.

మీరు ఎంచుకున్న ఆయిల్ సరైనదో కాదో చివరికి తేల్చేది మీ ఇంజన్‌లోంచి బయటికొచ్చిన ఆయిలే. ఇండియానా రాష్ట్రం ఫోర్ట్ వేన్‌లో ఉన్న బ్లాక్‌స్టోన్ లాంటి ప్రయోగశాలలు చిన్న సీసా పంపిస్తాయి. ఆయిల్ మార్చేటప్పుడు మధ్య ధారలోంచి కొంచెం పట్టి పోస్టులో పంపితే చాలు. రిపోర్టులో మూడు చోట్ల చూడండి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం గ్రేడు హద్దు లోపలే ఉందా, కిందికి జారిందా. పెట్రోలు ఎంత శాతం కలిసింది. సీసం, రాగి, ఇనుము ఎంత ఉన్నాయి. సీసం, రాగి చాలావరకు బేరింగుల నుంచి వస్తాయి. ఒక్క రిపోర్టు చూసి భయపడకండి, ధైర్యపడకండి. అదే ఆయిల్, దాదాపు అన్నే మైళ్లు, రెండు మూడు సార్లు వరసగా చేయించండి. సీసం ప్రతిసారీ పెరుగుతోంటే, గేజీలో వేడి కూడా ఎక్కువ కనిపిస్తోంటే, అప్పుడు ఒక గ్రేడు పెంచి మళ్లీ పంపండి. తగ్గితే మీ నిర్ణయానికి ఆధారం దొరికినట్టే. తగ్గకపోతే అది ఆయిల్‌తో తీరే సమస్య కాదు, మెకానిక్‌కు చూపించండి.

ఇంట్లోనే మార్చుకునేవాళ్లు పాత ఆయిల్‌ను అదే ఖాళీ డబ్బాల్లోకి ఒంపి గట్టిగా మూత పెట్టండి. ఒక గాలను వాడిన ఆయిల్ పది లక్షల గాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ హెచ్చరిస్తుంది. విడిభాగాలు అమ్మే పెద్ద దుకాణాలు చాలాచోట్ల దాన్ని ఉచితంగా తీసుకుంటాయి. వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి. కూలెంట్ గానీ, బ్రేక్ క్లీనర్ గానీ, నీళ్లు గానీ అందులో కలిస్తే తీసుకోరు. కాబట్టి ఆయిల్ పట్టే పళ్లాన్ని వేరే దేనికీ వాడకుండా దానికోసమే ఉంచండి.